పెనమెక్కిన ఇంజను

నేను ఒక రైలింజన్ని. నవ్వకండి. పొడవు జానెడే. పొగ వదలను, కూత వెయ్యను, నా మీద ఎక్కి ప్రయాణం చెయ్యాలంటే చీమలకే కుదురుతుంది. అయినా ఇంజన్నే. కడుపులో కుంకుడుకాయంత మోటారుంది, కింద ఆరు చక్రాలున్నాయి, వాటికి ఒక్కచోట ఉండబుద్ధి కాదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నన్ను పరుగెత్తడానికే చేశారు గాని ఇంటికి తెచ్చింది మాత్రం ఒక మనిషిని కదలకుండా కూర్చోబెట్టడానికి. ఇంజను చేత బ్రేకు పని చేయించాలన్న ఆలోచన మనుషులకే వస్తుంది.

పుట్టినప్పుడు నాకు ఇంజను రూపం లేదు. ఎక్కడో దూరదేశంలో పలచటి ఇత్తడి రేకుల మీద ఆసిడ్‌తో నా ఒళ్ళంతా చెక్కారు. తలుపు, కిటికీ, మెట్టు, గసగసాలంత రివెట్లు, అన్నీ ఒకే రేకులో అప్పడంలా పరుచుకుని ఉండేవి. ఎక్కడ మడవాలో అక్కడ సన్నటి గీత గీశారు. పొగగొట్టాన్ని మెత్తటి తెల్ల లోహంతో పోతపోశారు. చక్రాలూ మరలూ చిన్నచిన్న సంచుల్లో వేశారు. ఎలా కట్టుకోవాలో బొమ్మలు వేసిన కాగితం ఒకటి పెట్టి, పైన మూత బిగించారు. మూత మీద నా బొమ్మ. ఆకుపచ్చ రంగులో, కొండ పక్కన మలుపు తిరుగుతూ ఉంటాను. నేనెప్పటికి అలా అవుతానో తెలియక ఆ మూత కిందే ముక్కలుగా పడుకున్నాను.

నన్ను మొదట కొన్నది కోదండపాణి. మద్రాసులో బ్యాంకు ఆఫీసరు. రైళ్ళంటే ప్రాణం. నన్ను కట్టడం వచ్చే ఆదివారం మొదలుపెడతానని ప్రతి ఆదివారం అనేవాడు. పెట్టె తెరిచి, ఒక రేకు తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుని, చిన్నపిల్లాడిలా మురిసిపోయి, మళ్ళీ ఉన్నదున్నట్టు సర్దేసేవాడు. "దాన్ని కడతారా, హారతిస్తారా?" అని ఆయన భార్య అడిగేది. పాడుచేస్తానేమోనన్న భయంతో ఆయన నన్ను ఏళ్ళ తరబడి పాడుకాకుండా ఉంచాడు. మీరు దాన్ని ప్రేమంటారు. రేకుల్లో ఉండిపోయినదానికి అది జైలే.

మూతపడిన బొగ్గు ఇంజన్ల షెడ్లు చూసి రావడం కోదండపాణికి ఇంకో సరదా. అలా ఒకసారి నెల్లూరు దగ్గర బిట్రగుంట వెళ్ళాడు. అక్కడ పాత షెడ్డు పక్కన సిమెంటు బెంచీ మీద ఆయనకు పెంచలయ్య దొరికాడు.

పెంచలయ్య సర్వీసంతా బొగ్గు ఇంజన్లు నడిపాడు. ఆ ఆవిరి హోరు ఆయన చెవులు రెండూ తీసుకుంది. పక్కన డప్పు కొడితే తలుపు ఎవరో తడుతున్నారంటాడు. చెవులు పోయినా కాళ్ళు మాత్రం నిలవలేదు. రిటైరయ్యాక కూడా బండి వేళకి అవి వాటంతటవే చెప్పుల్లోకి దూరేవి. రైల్వే కాలనీ నుంచి ఆ బెంచీకి గేటు మీదుగా చుట్టుదారి ఉంది. డ్రైవరుగా బతికినవాడు గేటు దగ్గర మేకలతో పాటు నిలబడటమేమిటని ఆయన పట్టాలకడ్డంగానే పోయేవాడు. బొగ్గు ఇంజను వస్తుంటే అల్లంత దూరం నుంచే నేల అదిరి కాళ్ళకు తెలిసేది. కరెంటు బండి పిల్లిలా వస్తుంది. ఒకసారి పట్టాలు తనిఖీ చేసే కీమన్ ఒకతను చొక్కా పట్టుకుని వెనక్కి లాగితే బతికి బయటపడ్డాడు. భుజం దగ్గర చిరిగిన ఆ చొక్కాను ఆయన భార్య చెంగమ్మ కుట్టకుండా, కళ్ళెదురుగా కొక్కేనికి వేలాడదీసింది. ఆయన దాన్ని చూసి, "ఇంకా కుట్టలేదా మే?" అన్నాడు తప్ప ఇంకేమీ గ్రహించలేదు.

పెంచలయ్య ఇంట్లో కాఫీ తాగుతూ కోదండపాణి నా సంగతి చెప్పాడట. తన వల్ల కావడం లేదన్నాడు. చెంగమ్మ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

"అది కట్టాలంటే ఎన్ని దినాలు పడద్ది సార్?"

"తీరిగ్గా చేస్తే ఏడాది పట్టొచ్చమ్మా."

"నిలబడి చెయ్యాల్నా, కూర్చోని చెయ్యాల్నా?"

ఆయన ఆశ్చర్యపోయాడు. "కూర్చునేనమ్మా. కదలకుండా కూర్చుని చెయ్యాలి."

"అయితే మా ఆయనకి పంపించండి సార్."

అలా నేను బిట్రగుంట చేరాను, టంకం పెట్టే కడ్డీతో సహా.

ఇంజను నడిపినవాడికి ఇంజను కట్టడం వచ్చే ఉంటుందని కోదండపాణి అనుకున్నాడు. పెంచలయ్య కూడా అలాగే అనుకున్నాడు. నిజానికి ఆయన సర్వీసులో ఏదైనా ఊడితే దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఫిట్టర్ని కేకేసినవాడు. మొదటిరోజే కాగితం పక్కకి నెట్టి, డ్రైవరు నిలబడే గది తాలూకు రేకు తీసుకుని మడిచేశాడు. ఆ మడతకి నా ఒళ్ళు జలదరించింది. ఏదో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది గాని చెప్పడానికి నాకు నోరేది?

ఆ తేడా కనిపెట్టింది మస్తాన్. పెంచలయ్య ఇంజన్లో ఏళ్ళ తరబడి బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసినవాడు. మోకాళ్ళు పట్టేసి, కర్ర పట్టుకుని వచ్చి నన్ను అరచేతిలో పెట్టుకున్నాడు.

"అన్నా, నీ ఇంజను చొక్కా తిరగేసి తొడుక్కోనుండాదే."

"ఏంది?"

"చొక్కా! తిరగేసి!" చెవిలో అరిచాడు. "రివెట్లన్నీ లోపలికి పోయినాయ్. లివరు ఎడం పక్కకొచ్చింది."

"డ్రైవరు నిలబడేది ఎడం పక్కనే గదరా?"

"మన ఇంజన్లలో అన్నా. ఇది దొరల బండి. బొమ్మ చూడు, కుడి పక్కన."

పెంచలయ్య బొమ్మ వైపు చూడనైనా చూడలేదు. "దొరలు తప్పు గీసుంటారు."

"వదినా, రిటైరైనా నీ మొగుడు తన పక్క వదల్లేదు!" మస్తాన్ పొయ్యి దగ్గరున్న చెంగమ్మ వైపు తిరిగి నవ్వాడు.

"నీ పక్క గూడా అట్నే ఉండాదిలేరా, కుడి పక్కన" అన్నాడు పెంచలయ్య. మస్తాన్ నవ్వు ఆగిపోయింది. నన్ను కాస్త జాగ్రత్తగా కింద పెట్టాడు.

కుడి పక్కన నిలబడి మస్తాన్ చేసింది బొగ్గు వెయ్యడమొక్కటే కాదు. సిగ్నలు కనబడగానే ఒకరు పైకి చెప్పాలి. రెండోవారు చూసి, అదే మాట తిరిగి చెప్పాలి. చెప్పిన మాట తిరిగి వినబడితేనే బండి ముందుకి. ఆరోజు ఆ ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని, "సిగ్నలిచ్చాడు!" "సిగ్నలిచ్చాడు!" అని గొంతులు చించుకున్నారు. పక్కింటి కోళ్ళు బెదిరి గోడెక్కాయి. చెంగమ్మ పొయ్యి దగ్గర్నుంచి అంతా విన్నది.

తిరగేసిన గదితోనే నా బతుకు మొదలైంది. అతుకు నిలవాలంటే ఇత్తడి శుభ్రంగా ఉండాలి. చెంగమ్మ బిందెలు తోమినట్టే నన్ను చింతపండుతో తోమి ఇచ్చేది. ఆయన టంకం పెట్టేవాడు, తిట్టుకునేవాడు, చెయ్యి కాల్చుకునేవాడు, మళ్ళీ పెట్టేవాడు. బండి వేళకి కాళ్ళు చెప్పుల కోసం తడుముకునేవి. కాని ఒక చేతిలో నేను, ఇంకో చేతిలో కాలే కడ్డీ, లేచే వీల్లేదు. బయట బండి వెళ్ళిపోయిన చప్పుడు విని చెంగమ్మ నిట్టూర్చి, మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరుకునేది.

బాయిలరు గుండ్రంగా తిరిగింది. దాని కింద పీఠం నిలబడింది. గది వెనక చేరింది. చక్రాలు పడ్డాయి. నేను ఒక రూపానికి వస్తుంటే లోపల ఏదో తొందర. బల్ల మీద ఎవరైనా గ్లాసు పెట్టినా ఆ అదురుకే నా చక్రాలు కాస్త ముందుకి దొర్లేవి.

"దసరాకి అయిపోద్ది మే. ఆయుధపూజకి దీనికి బొట్టు పెట్టాల" అన్నాడు పెంచలయ్య ఒకరోజు అన్నం తింటూ.

"తర్వాత?" చెంగమ్మ ఆయన చెవి దగ్గరికి వంగి అడిగింది.

"తర్వాతేముంది? నా బెంచీ నాకుండాది గదా."

చెంగమ్మ వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే ఉండిపోయింది.

కళాయి పూసిన ఇత్తడి గిన్నెను ఉత్తగా పొయ్యి మీద పెట్టకూడదని ఆమె తరం ఆడవాళ్ళందరికీ తెలుసు. వేడికి కళాయి కరిగి జారిపోతుంది. టంకం కూడా అలాంటిదేనని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా దోసెల పెనం పొయ్యి మీద పెట్టి, అది కాలాక నన్ను దాని మీద కూర్చోబెట్టింది.

మీకు ఎలా చెప్పను? ముందు పాదాలు వెచ్చబడ్డాయి. తర్వాత ఆయన రోజుల తరబడి పెట్టిన అతుకులు ఒక్కొక్కటే నెయ్యిలా మెరిసి, మెత్తబడి, నన్ను వదిలేశాయి. ఆమె పట్టకారుతో గదిని పక్కకి లాగింది. ఇంకాసేపు ఉంటే పొగగొట్టం కూడా కరిగేదే, ఆమె తీసేసింది కాబట్టి సరిపోయింది.

"ఏమనుకోబాక" అంది నాతో. "నువ్వు లేచి పరిగెత్తితే ఆయన కూర్చోడు. పట్టాల మీదికి పోతాడు."

చల్లారాక ముక్కలన్నీ బల్ల మీద పెట్టింది, అవే ఊడిపడ్డాయన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె భయం నాకర్థమైంది. అర్థమైనా పరుగు మీద ఆశ చావలేదు. ఆయనని కాపాడటానికి నేను ముక్కలుగా ఉండాలట! నన్ను అడగకుండానే మనుషులు నా చేత త్యాగాలు చేయించారు.

పెంచలయ్య మొదట టంకాన్ని తిట్టాడు. మళ్ళీ అతికాడు. అది మళ్ళీ ఊడింది. చింతపండు పాతదన్నాడు. కరెంటు సరిగా రావడం లేదన్నాడు. దసరా వచ్చి వెళ్ళిపోయింది. నాకు బొట్టు లేదు. అతికినప్పుడల్లా పెనం, పెనం దిగినప్పుడల్లా అతుకు. చెంగమ్మ మొహంలో కొన్నాళ్ళు దొంగ సంతోషం కనబడింది. అది ఎక్కువ రోజులు నిలవలేదు, ఎందుకంటే ఆయన తిట్టడం మానేశాడు.

చివరిసారి నన్ను ఎత్తి పట్టుకోగానే గది ఊడి ఆయన ఒళ్ళో పడింది. ఆయన దాని వైపు చూడలేదు. తన అరచేతులు రెండూ తిరగేసి చూసుకున్నాడు.

"చెవి పోతే పోయిందిలే అనుకున్నా మే. ఇప్పుడు చెయ్యి గూడా పాయె."

"అట్టనబాక."

"ఇంకేం మిగిలుండాది? ఉప్పు బస్తా మాదిరి ఇంట్లో మూలన పడుండేదానికా నేను?"

చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అది బండి వచ్చే వేళ. ఆ సంగతి ఆయన కాళ్ళకి ఎప్పుడూ తెలుసు. ఈసారి చెంగమ్మ గుండెకి తెలిసింది. గదిని బల్ల మీదే వదిలేసి, మిగిలిన నన్ను కొంగులో చుట్టుకుని, కాళ్ళకి ఏమీ లేకుండా పరుగెత్తింది. నన్ను చూపించి నిజం చెప్పేయాలని బయల్దేరిందనుకుంటాను.

కొంగు సందులోంచి నాకు మొదటిసారి పట్టాలు కనబడ్డాయి. అసలైన పట్టాలు. ఎండలో మెరుస్తూ, ఎక్కడికో అందనంత దూరం పోతూ. ఇంత పెద్దవా అనిపించింది. అదే చూపులో పెంచలయ్య వీపు కనబడింది. చేతులు చూసుకుంటూ, తల వంచుకుని, మెయిన్ లైను వైపు నడుస్తున్నాడు. కుడి పక్క నుంచి బండి వస్తోంది, పెద్దగా చప్పుడు లేకుండా. కూత వేసింది. ఆయన తల తిప్పలేదు.

"అయ్యో! ఆగు! ఏమయ్యా!" చెంగమ్మ అరిచింది. ఆ చెవులకి అరుపు ఏపాటి? ఆయన ఇంకో రెండు మూడు అడుగులు వేస్తే పట్టా మీద ఉంటాడు. పరుగెత్తి అందుకునేంత దూరంలో ఆమె లేదు.

నన్ను విసిరేసింది.

నా బతుకులో నేను నిజంగా పరుగెత్తింది ఆ ఒక్కసారే. పట్టాలు లేవు, మలుపు లేదు, గాలిలో ఆరు చక్రాలూ గిర్రున తిరుగుతుండగా వెళ్ళి పెంచలయ్య వీపుకి తగిలాను. ఆయన చివాల్న వెనక్కి తిరిగాడు.

"ఎవుర్రా అది?"

ఆయన వెనక నుంచి బండి దూసుకుపోయింది. ఆ గాలికి పంచె చెంగు జెండాలా లేచింది. కంకర మీద పడి ఉన్న నా మీదుగా పెట్టె తర్వాత పెట్టె నీడ పరుగెత్తింది. ఆఖరి పెట్టె వెళ్ళిపోయాక ఆయన పట్టాల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, వంగి నన్ను తీశాడు. నా పొగగొట్టం ఒక పక్కకి ఒరిగిపోయింది.

చెంగమ్మ రొప్పుతూ వచ్చి నిలబడింది. "నీ చెయ్యి పోలా!"

"ఏంది?"

"చెయ్యి పోలేదయ్యా! నేనే విప్పినా! పెనం మీద పెట్టి విప్పినా!"

"పెనం మీదా?"

"దోసెల పెనం మీద!"

స్టేషను ప్లాట్‌ఫాం మీద టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. "ఏం విప్పిందంట?" అని ఒకాయన అడిగాడు. "ఇంజనంట" అన్నాడు పక్కాయన. "ఏ ఇంజనూ?"

"ఎందుకు మే?" అన్నాడు పెంచలయ్య.

ఆమె భుజం దగ్గర తన జాకెట్టు పట్టుకుని వెనక్కి గుంజి చూపించింది, చొక్కా చిరిగిన చోట. ఆయన ఆ చేతిని చూశాడు. తర్వాత నన్ను ఆమెకి ఇచ్చి, తన చేతులు ముందుకి చాచాడు.

"అయితే ఇయ్యి బాగానే ఉండాయా?"

"బాగానే ఉండాయి."

"నీయి గూడా బాగానే ఉండాయిలే. వీపు విరగ్గొట్టినావు."

ఆ రోజు ఇంటికి గేటు దారిలో వచ్చారు.

మర్నాడు పొద్దున్నే పెంచలయ్య వంటింట్లోకి వచ్చి, "పెనం పెట్టు మే" అన్నాడు. ఆమె దోసెల కోసమనుకుంది. ఆయన నన్ను చూపించాడు. నా ఇత్తడి పీఠం మందం. చిన్న కడ్డీ వేడినంతా అదే మింగేసేది, అందుకే అతుకు పైపైనే ఉండేది. కింద పెనం సన్నగా కాలుతుంటే పైన కడ్డీ పెట్టగానే టంకం నీళ్ళలా పారింది. నన్ను విప్పిన పెనమే నన్ను అతికింది. ఆమె పట్టకారుతో పట్టుకుంటే ఆయన అతికాడు. "ఇంకాస్త మంట", "చాల్లే దించు" అని ఒకరు చెప్పడం, ఇంకొకరు ఆ మాటే తిరిగి చెప్పడం. అలా ఎప్పుడు మొదలైందో వాళ్ళకే తెలియదు. పొగగొట్టం సరిచేయబోతే విరిగేలా ఉందని అలాగే వదిలేశారు. "ఎదురుగాలికి వంగిందనుకుంటార్లే" అన్నాడాయన. చివరికి కడుపులో మోటారు పెట్టి, నాకు నల్లరంగు వేశారు. మూత మీది ఆకుపచ్చ నాకు దక్కలేదు.

కోదండపాణి గజం పొడవు పట్టాలూ, కరెంటిచ్చే చిన్న పెట్టె ఒకటీ పంపించాడు. మరుసటి దసరా వచ్చింది. ఆయుధపూజకి చక్రం కింద నిమ్మకాయ పెట్టాలి గదా, నిమ్మకాయ నాకంటే ఎత్తుంది. చెంగమ్మ ఆలోచించి ఒక మిరియపు గింజ పెట్టింది. కరెంటు పెట్టారు. మిరియం నలగలేదు, నేనే పట్టా దిగాను. మస్తాన్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

గజం పట్టా. ఇటు బయల్దేరితే అటు అయిపోతుంది. అటు నుంచి ఇటు. అసలు పట్టాలు ఒకసారి చూసినదానికి అది ఎలా సరిపోతుంది? వాళ్ళిద్దరూ మాత్రం రోజూ సాయంత్రం నన్ను కిటికీ దగ్గర పెట్టి బయల్దేరేవారు. మొదటిరోజు చెంగమ్మ చెప్పులేసుకుంటుంటే ఆయన అడిగాడు.

"నువ్వెక్కడికి?"

"నీ బెంచీ కాడికే" అంది ఆయన చెవి దగ్గర.

"నువ్వెందుకు?"

"మస్తాన్ నీ కుడి పక్కన ఎందుకుండేవాడు?"

ఆయన కాస్త ఎడంగా జరిగి ఆమెకి కుడి పక్క ఇచ్చాడు. సందు మలుపు తిరిగేదాకా నాకు వినబడేది. "ముందర సైకిలు!" "ముందర సైకిలు!" గేటు దగ్గర ఆమె అటూ ఇటూ చూసి, ఆయన చెవిలో, "రెండు పక్కలా ఖాళీ!" అనేది. ఆయన తానూ చూసి, "రెండు పక్కలా ఖాళీ!" అంటేనే ఇద్దరూ దాటేవారట. కాలనీ పిల్లలు వెనక చేరి వెక్కిరించేవారు. కొన్నాళ్ళకి వాళ్ళూ అలాగే దాటడం మొదలుపెట్టారు.

పెంచలయ్య పోయింది పట్టాల మీద కాదు. ముసురు పట్టిన ఒక ఉదయం, మంచం మీద, కాఫీ చల్లారుతుండగా. చెంగమ్మ అంతగా భయపడింది జరగలేదు. జరిగినదానికి భయపడే తీరిక ఆమెకి దొరకలేదు.

చాలా రోజులు కిటికీ దగ్గర నన్నెవరూ ముట్టుకోలేదు. బండి వేళకి నా చక్రాలు నాకు తెలియకుండానే బిగుసుకునేవి. ఒక సాయంత్రం ఆమె నన్ను తుడిచి, గుడ్డ సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుంది. కొక్కేనికి చొక్కా ఇంకా ఉంది. భుజం దగ్గర కుట్టు కనబడకుండా కుట్టి ఉంది.

సందులో ఎవరూ ఏమీ చెప్పలేదు. గేటు దగ్గరికి వచ్చాక ఆమె ఆగింది. గేటు తెరిచే ఉంది. అటు చూసింది, ఇటు చూసింది.

"రెండు పక్కలా ఖాళీ!" అంది గట్టిగా, పక్కన చెవిటివాడున్నట్టే.

తర్వాత కదల్లేదు. తిరిగి చెప్పేవారు లేకుండా కదలకూడదని ఆమెకి నేర్పింది ఆయనే. వెనక ఆటో హారను కొట్టింది. సంచిలో నేను ఊపిరి బిగబట్టాను. కూత వెయ్యలేని ఇంజన్ని చేసినవాళ్ళని ఆరోజు తిట్టుకున్నంతగా ఎప్పుడూ తిట్టుకోలేదు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెబితే చాలు గదా.

చేపల గంప నెత్తినెత్తుకున్న ఒక ఆడమనిషి వెనక నుంచి విసుక్కుంది. "ఖాళీయేలే అక్కా! రెండు పక్కలా ఖాళీయే! నెత్తిన బరువుండాది, నడువు!"

చెంగమ్మ వెనక్కి తిరిగి ఆమెని చూసింది. కొంగు భుజం మీదికి లాక్కుని, గంప ఆమెకి ఎడం పక్క వదిలి, కుడి పక్కగా అడుగేసింది. పట్టా దాటుతుంటే సంచి ఊగింది. నా చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి.